పగిలే సరుకును కంటైనర్‌లో ఎట్లా సర్దాలి

సంక్రాంతికి మా అమ్మ సకినాలు చేసి, దుబాయి వస్తున్న ఊరివాళ్ల చేతికిచ్చి నాకు పంపేది. పరకాల దగ్గరి మా ఊరి నుంచి హైదరాబాద్ దాకా బస్సు, అక్కడి నుంచి విమానం, ఆ తర్వాత దుబాయి ఓడరేవు జెబెల్ అలీలో మా క్యాంపు దాకా ఎవరిదో ఒకరి బండి. ఇన్ని చేతులు మారినా డబ్బా మూత తీస్తే నాలుగైదు మాత్రమే విరిగి ఉండేవి. రూములో మిగతావాళ్లకు వచ్చేవి సగం పిండే. అమ్మ చేసే పని పెద్దదేం కాదు. డబ్బా చుట్టూరా పాత నూలు చీర మడత పెట్టి, సకినాలను దొంతులుగా పేర్చి, దొంతుల మధ్య మిగిలిన సందుల్లో అప్పాలు దోపేది. మూత పెట్టాక డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. గలగలమంటే మళ్లీ విప్పేది.

నేను జెబెల్ అలీలో పదకొండేళ్లు కంటైనర్లు నింపడం, ఖాళీ చేయడం పని చేశాను. మొదట హెల్పర్‌ని, తర్వాత స్టఫింగ్, అంటే కంటైనర్ నింపే పనికి సూపర్‌వైజర్‌ని. తిరిగొచ్చి హన్మకొండలో ఇదే పని పెట్టుకున్నాను. కరీంనగర్, వరంగల్ వైపు యూనిట్ల పాలిష్ గ్రానైట్ స్లాబులు, పెంబర్తి ఇత్తడి, చేర్యాల మాస్కులు, నిర్మల్ బొమ్మలు, వీటికి ప్యాకింగ్, స్టఫింగ్ చేస్తాను. ఇన్నేళ్లలో నేర్చుకున్నదంతా అమ్మ డబ్బా ఊపిన దగ్గరే ఉంది. లోపల కదలడానికి చోటు ఉందంటే సరుకు పగులుతుంది. చోటు వదిలితే కిరాయి కూడా దండగే, ఎందుకంటే కంటైనర్‌లో గాలి ఉన్నా సరుకు ఉన్నా ఓడవాళ్లు తీసుకునేది అదే డబ్బు.

మనవాళ్లు చాలామంది కంటైనర్‌ను లారీలాగే నింపుతారు. లారీలో పెద్ద దెబ్బ ముందుకే తగులుతుంది, బ్రేకు వేసినప్పుడు. అందుకని ముందు గోడకు బాగా ఆనించి, పక్కలు వదిలేస్తారు. సముద్రంలో ఇది తిరగబడుతుంది. ఓడ ఎక్కువగా పక్కలకు ఒరుగుతుంది. ఓడలు, కార్మికులు, రవాణా సంగతులు చూసే ఐక్యరాజ్యసమితి సంస్థలు ఐఎంఓ, ఐఎల్ఓ, యూఎన్ఈసీఈ కలిసి 2014లో తెచ్చిన సీటీయూ కోడ్‌లో, అంటే కంటైనర్లు సర్దే పద్ధతుల పుస్తకంలో, దీనికి లెక్కలున్నాయి. రోడ్డు మీద ముందుకు తోసే బలం సరుకు బరువులో 80 శాతం, పక్కలకు 50 శాతం అనుకుని కట్టమంటుంది. అలలు బాగా ఎత్తుగా లేచే సముద్రాల్లో పక్కలకు 80 శాతం, ముందువెనకలకు 40 శాతం. అంటే 20 టన్నుల సరుకు ఒక్కో ఒరుగుకు 16 టన్నుల బలంతో పక్క గోడను తోయవచ్చు. అదీ ఒక్కసారి కాదు. 15 సెకన్లకు ఒక ఊపు అనుకున్నా రోజుకు 5,760 ఊపులు. రెండు వేళ్ల సందు ఉంటే మీ పెట్టె రోజంతా ఆ రెండు వేళ్ల దూరం పోయివస్తూ గుద్దుకుంటుంది. పైగా ఓడలో మన డబ్బాను ఎక్కడ పెడతారో మన చేతిలో లేదు. డెక్కు మీద దొంతిలో పైన పడితే ఊపు ఇంకా ఎక్కువ. కాబట్టి ఎప్పుడూ పైనే పడుతుందనుకుని సర్దాలి.

ఖాళీ డబ్బా చూసుకోవడం

కంటైనర్ రాగానే ముఠావాళ్లను సరుకు మీదికి పంపకండి. ముందు మీరు లోపలికెళ్లి, నమ్మకమైన మనిషిని బయట పెట్టి, తలుపులు రెండూ మూయించండి. రెండు నిమిషాలు చీకట్లో నిలబడితే కళ్లు అలవాటు పడతాయి. ఎక్కడ సూది మొనంత వెలుతురు కనిపించినా అక్కడి నుంచి నీళ్లు వస్తాయి. ఆ డబ్బా వెనక్కి పంపండి. ట్రైలర్ డ్రైవర్ గొణుగుతాడు, గొణగనివ్వండి. అట్లాగే వాసన చూడండి. అంతకుముందు అందులో రసాయనమో ఎండుచేపలో వెళ్తే ఆ వాసన అట్టపెట్టెలకు పడుతుంది. నేలమీద పాత మేకులు తేలి ఉంటే పీకేయండి. దుమ్ము ఊడవండి. దుమ్ము మీద పెట్టె జారినంత తేలికగా శుభ్రమైన చెక్క మీద జారదు.

తలుపు మీద ఇనుప పలకలో మొత్తం ఎంత బరువు మోయగలదో, ఖాళీ డబ్బా బరువెంతో ఉంటాయి. ఫొటో తీసుకోండి, తర్వాత కావాలి.

అట్టపెట్టెలైతే

చాలామంది బజార్లో దొరికిన సైజు పెట్టె కొని, తర్వాత కంటైనర్‌లో ఎన్ని పడతాయో చూస్తారు. లెక్క అటు నుంచి రావాలి. 20 అడుగుల డబ్బా లోపల దాదాపు 590 సెంటీమీటర్ల పొడవు, 235 వెడల్పు, 239 ఎత్తు. తలుపు దగ్గర ఎత్తు మాత్రం 228 దాకానే. టేపుతో మీ డబ్బానే కొలుచుకోండి, కంపెనీని బట్టి ఒకటి రెండు సెంటీమీటర్లు తేడా వస్తుంది.

బజార్లో దొరికే 60, 40, 40 పెట్టె తీసుకుందాం. వెడల్పులో మూడు అడ్డంగా, ఒకటి నిలువుగా పెడితే 220 అవుతుంది, 15 సెంటీమీటర్లు మిగులుతుంది. ఎత్తులో ఐదే వరుసలు. మొత్తం 255 పెట్టెలు, సుమారు ఇరవై నాలుగున్నర ఘనపు మీటర్ల సరుకు. ఇప్పుడు అదే అట్టతో 57, 38, 36 పెట్టె కొట్టించండి. 57 నాలుగుసార్లు వేసినా 228, 38 ఆరుసార్లు వేసినా 228. ఎట్లా తిప్పినా వెడల్పులో 7 సెంటీమీటర్లే మిగులుతుంది. పొడవులో 38 పదిహేనుసార్లు వేస్తే 570, ఎత్తులో ఆరు వరుసలకు 216. మొత్తం 360 పెట్టెలు, 28 ఘనపు మీటర్లు. మూడున్నర ఘనపు మీటర్ల చోటు ఊరికే వచ్చింది, పక్క సందు సగానికి తగ్గింది. ఆ 7 సెంటీమీటర్లు కూడా కావాల్సిందే. నింపిన పెట్టె కొంచెం ఉబ్బుతుంది, బిర్రుగా దోపితే అట్ట చిరుగుతుంది. మిగిలిన సందులో అట్ట మడతలు నిలువుగా దింపండి.

పేర్చేటప్పుడు మా ముఠా మేస్త్రీకి నాకు ఇప్పటికీ గొడవే. ఆయన ఇటుక గోడ కట్టినట్టు ఒకదాని కీలు మీద ఇంకొకటి పెట్టాలంటాడు. చూడటానికి గట్టిగా ఉంటుంది. కానీ అట్టపెట్టె బలమంతా నాలుగు మూలల్లో ఉంది. కింది పెట్టె మూల మీద పైపెట్టె మూల పడాలి. ఇటుక పద్ధతిలో పేరిస్తే మూల వచ్చి కింది పెట్టె మెత్తటి నడుము మీద కూర్చుంటుంది, మూడో వారానికి అది కుంగుతుంది. అందుకే నిలువు దొంతులే వేయిస్తాను. దొంతులు విడిపోకుండా రెండు వరుసలకొకసారి మొత్తం వెడల్పుకు పలచటి ప్లైవుడ్ షీటు పరుస్తాను. అడుగు పెట్టె ఎంత మోయాలి? పెట్టె తొమ్మిది కిలోలైతే పైన ఐదు, 45 కిలోలు. ఓడ ఎగిసినప్పుడు బరువు పెరుగుతుంది, తేమకు అట్ట మెత్తబడుతుంది. నేనైతే నాలుగు రెట్లు మోసే అట్టనే అడుగుతాను. అది నా అలవాటు లెక్క, కానీ ఇంతవరకు మోసం చేయలేదు.

బరువైన ఇత్తడి కిందికి, మాస్కులు, బొమ్మలు పైకి. ఇది చెప్పాల్సిన పని లేదనుకుంటాం గానీ, సాయంత్రం ఆరు దాటాక ఆఖరి ఇత్తడి పెట్టె వస్తే దాన్ని మాస్కుల మీదికి ఎక్కించేవాళ్లను చూశాను. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ, అంటే సన్నటి వెండితీగల పని గురించి కూడా అడుగుతుంటారు. అది విమానంలో పంపుకోండి.

ఒక మాస్కు

చేర్యాల మాస్కు ఎట్లా ప్యాక్ చేస్తానో ఒకటి చూపిస్తాను, మిగతా వాటికి అదే దారి. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో చేసిన ముఖం అది. ముందు విరిగేది ముక్కు. ఆ తర్వాత చెవులు, తలపాగా అంచు. కాబట్టి ముక్కు మీద ఏ బరువూ పడకూడదు, మాస్కు తన అంచు మీదే కూర్చోవాలి.

ముందు మెత్తటి తెల్ల కాగితమో ఉతికిన మల్లు గుడ్డో రంగు మీద చుడతాను. బబుల్ షీటు సూటిగా రంగుకు తగలనివ్వను. ఎండలో నిలబడ్డ కంటైనర్ లోపల వేడికి ఆ బుడగల గుండ్రటి అచ్చులు వార్నిష్ మీద పడతాయి, ఒక సరుకు మొత్తం అట్లా చుక్కలతో చేరింది. గుడ్డ మీద బబుల్ షీటు రెండు చుట్లు, బుడగలు బయటికి. మాస్కు వెనక గుంటలో నలిపిన ఖాకీ కాగితం గట్టిగా కూరాలి. తర్వాత మాస్కు అంచు అంత గుండ్రంగా రెండు మూడు పొరల అట్ట కోసి అడుగున పెట్టి, దానిమీద ముఖం పైకి పెడతాను. చుట్టూ మళ్లీ నలిపిన కాగితం. ముక్కుకూ మూతకూ మధ్య రెండు వేళ్ల మందాన కాగితం పడ్డాక మూత కొంచెం బలంగా నొక్కితేనే మూయాలి. తేలికగా మూసుకుందంటే లోపల ఖాళీ ఉన్నట్టే. టేపు వేసి, చెవి దగ్గర పెట్టి ఊపాలి.

థర్మాకోల్ గుళికలు వాడేవాళ్లున్నారు. పోసినప్పుడు నిండుగానే ఉంటాయి. రోడ్డు మీద వంద కిలోమీటర్ల అదురుకే కిందికి దిగిపోయి పైన సందు ఇస్తాయి. వరిగడ్డి మన దగ్గర గాజు సామానుకు, కుండలకు తాతల నాటి ప్యాకింగ్, నిజానికి చాలా మంచిది. కానీ గడ్డితో పురుగు, విత్తనం వస్తాయని ఆస్ట్రేలియాలాంటి దేశాలు రానివ్వవు. పెట్టకండి.

గ్రానైట్ స్లాబులు

రాయి పగిలే సరుకా అని అడుగుతారు. రెండు సెంటీమీటర్ల మందం, 2.8 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల ఎత్తు స్లాబు దాదాపు 270 కిలోలు. పడుకోబెట్టి మధ్యలో ఒక్క గతుకు తగిలించండి, అప్పడంలా విరుగుతుంది. నిలబెడితే ఏళ్లు ఉంటుంది. అందుకే స్లాబు ఎప్పుడూ అంచు మీదే ప్రయాణం చేయాలి.

ఏడు స్లాబులు ఒక బండిల్. పాలిష్ ముఖం పాలిష్ ముఖానికి ఎదురుగా, మధ్యలో ప్లాస్టిక్ షీటు. స్లాబుల మధ్య ఇసుక రవ్వ ఒక్కటి ఉన్నా నెల రోజుల ఊపుకు పాలిష్ మీద గీత గీసిపెడుతుంది, నీళ్లతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు కట్టాలి. చుట్టూ చెక్క ఫ్రేము. అడుగున స్లాబు నేరుగా మేకు మీద గానీ ఇనుము మీద గానీ కూర్చోకూడదు, రబ్బరు పట్టీ వేయండి.

ఒక్కో బండిల్ దాదాపు 1,900 కిలోలు. పన్నెండు బండిళ్లకు దాదాపు 23 టన్నులు. పొడవులో రెండు వరుసలు, వరుసకు ఆరు. ఫ్రేముతో కలిపి ఒక్కోటి 20 సెంటీమీటర్లు వేసుకుంటే ఆరింటికి 120. వెడల్పు 235. అంటే బరువు కోటా దాదాపు అయిపోయింది, చోటు మాత్రం సగం మిగిలింది. అట్టపెట్టెలకు చోటు తక్కువైతే, రాయికి చోటు ఎక్కువై ప్రమాదం. ఆ మిగిలిన చోటును చెక్కతో నింపడంలోనే ఈ పని తెలిసినవాడెవడో, తెలియనివాడెవడో తేలిపోతుంది.

బండిళ్లను సరిగ్గా నడిమధ్య నిలబెట్టి, అన్నిటినీ కలిపి బెల్టుతో ఒకే దిమ్మగా బిగిస్తాం. రెండు పక్కలా అర మీటరుకు పైగా సందు ఉంటుంది. అక్కడ పక్క గోడకు సూటిగా చెక్క కొనలు ఆనించకూడదు. కంటైనర్ గోడ ముడతల రేకే, ఒకచోట పొడిస్తే గుంట పడుతుంది. గోడ పొడవునా ఒక దూలం ఆనించి, ఆ దూలానికి అడ్డు చెక్కలు బిగించాలి, అప్పుడు బరువు చాలా ముడతల మీద పంచుకుంటుంది. అడుగున ఒక వరుస, స్లాబు పై అంచుకు దగ్గరగా ఇంకో వరుస. ఒరుగుకు రాయి జారడమే కాదు, బోర్లా పడాలని చూస్తుంది, పై వరుస దాన్ని ఆపుతుంది. అడ్డు చెక్కలు పైకి లేవకుండా వాటినీ ఒకదానికొకటి కలిపి మేకులు కొట్టండి.

2014లో నేను ఈ పనంతా చేసి కూడా దెబ్బ తిన్నాను. అడ్డు చెక్కలు బిగియడానికి సందుల్లో దింపే చెక్క చీలలు సమ్మెటతో బిర్రుగా కొట్టించాను, గోరు దూరే సందు లేదు. నెలన్నర తర్వాత అవతలి నుంచి వాట్సాప్‌లో ఫొటోలు. పంతొమ్మిది స్లాబుల మూలలు ఎగిరిపోయాయి. చీలలన్నీ నేలమీద ఉన్నాయి. ఏమైందంటే ఆ జామాయిల్ చెక్క పచ్చిది. కంటైనర్ ఎండకు ఎండి ముడుచుకుంది, చీల వదులైంది, స్లాబులు ఊగడం మొదలైంది. తొందరలో కోత మిల్లు నుంచి నేరుగా తెప్పించింది నేనే, ఎవరినీ అనడానికి లేదు. ఆ తర్వాత నుంచి చెక్క నెలలు ముందే కొని షెడ్డులో ఆరబెడుతున్నాను. చీల కొట్టాక పక్కనే ఒక మేకు వేస్తాను, ముడుచుకున్నా జారిపడదు.

చెక్క సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. విదేశం వెళ్లే ప్యాకింగ్ చెక్కకు, పురుగు దేశం దాటకుండా పెట్టిన అంతర్జాతీయ నియమం ఐఎస్‌పీఎం 15 ప్రకారం వేడి చికిత్స జరగాలి, చెక్క గుండెదాకా 56 డిగ్రీలు, 30 నిమిషాలు. కంకి గుర్తుతో ముద్ర ఉంటుంది. ఆ ముద్ర పురుగు చచ్చిందని చెబుతుంది, చెక్క ఆరిందని కాదు. రెండూ వేరు.

స్లాబు దగ్గర పనిచేసేవాళ్లకు ఒక్కటే ఆజ్ఞ: రాయికీ గోడకూ మధ్య సందులోకి మనిషి వెళ్లొద్దు, హైడ్రా క్రేన్ కొక్కెం ఇంకా తగిలి ఉన్నా సరే. దూరం నుంచి కర్రతో తోయండి.

తేమ, బరువు, కాగితాలు

మన దగ్గర జూలైలో నింపిన కంటైనర్ చలి దేశానికి పోతే లోపల వాన పడుతుంది. నిజంగా. చెక్కలో, అట్టలో, గాలిలో ఉన్న తేమ రాత్రి చల్లబడ్డ రేకు పైకప్పుకు పట్టి చుక్కలుగా రాలుతుంది. వాన పడుతుండగా నింపకండి. తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ సంచులు పక్కగోడ కొక్కేలకు వేలాడదీయండి, పైవరుస మీద మందపాటి ఖాకీ అట్ట పరచండి.

బరువు ముందు సగంలో ఎంతో వెనక సగంలో అంతే ఉండేలా చూసుకోండి. ఒకవైపు 60 శాతం దాటితే క్రేన్ ఎత్తేటప్పుడే డబ్బా తలవాలుస్తుంది. నిండిన కంటైనర్ బరువు తూచి చెప్పడం 2016 జూలై 1 నుంచి తప్పనిసరి. ధర్మకాంటా చీటీ జాగ్రత్త. హైదరాబాద్ సనత్‌నగర్ కంటైనర్ డిపోకు చేరాక తేడా వస్తే మళ్లీ తిప్పలు.

ఇన్సూరెన్స్ ఉంది కదా అని సర్దడంలో అలసత్వం వద్దు. ప్యాకింగ్ సరిపోలేదని తేలితే పూర్తి కవరేజీ పాలసీ కూడా చెల్లించదు, క్లాజుల్లో ఆ మాట రాసే ఉంటుంది. ఇక్కడ మన ఓరుగల్లు ముచ్చట ఒకటి. అప్పట్లో తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాక్కునేవారట. కాకతీయ గణపతిదేవుడు 1244–45 నాటి మోటుపల్లి శాసనంలో, ఇకమీదట సుంకం తప్ప ఏమీ తీసుకోనని వర్తకులకు అభయమిచ్చాడు. నేటి ఇన్సూరెన్స్ కంపెనీ అంత ఉదారంగా ఉండదు. ప్రతి వరుస అయ్యాక తేదీ పడే ఫొటో తీయండి, ఖాళీ డబ్బా నుంచి సీలు దాకా.

తలుపు

సరుకు ఎప్పుడూ తలుపుకు ఆనకూడదు. ఆఖరి వరుసకు ఎదురుగా చెక్క అడ్డకట్టు వేసి, రెండు పక్కల మూల స్తంభాలకు ఆనించి బిగించండి. అట్టపెట్టెల లెక్కలో మిగిలిన 20 సెంటీమీటర్లు దీనికే. గాలి సంచులు మధ్య సందులకు మంచివే, తలుపు దగ్గర మాత్రం పెట్టకండి. తీసినవాడి ముఖం మీదికి తలుపు విసురుగా వస్తుంది.

జెబెల్ అలీలో రెండో ఏడు, ఎవరో ఎక్కడో నింపిన కంటైనర్ తెరిచాను. తలుపుకు ఆని నిలబడ్డ టైల్స్ పెట్టె నా ఎడమ పాదం మీద పడింది. బొటనవేలు గోరు ఇప్పటికీ సరిగ్గా రాదు. అప్పటి నుంచి నేను నింపిన ప్రతి డబ్బాలో, అడ్డకట్టు మీద, తలుపు తీయగానే కనిపించేలా ఒక కాగితం అంటిస్తాను. తెరిచే మనిషి ఏ భాషవాడో తెలియదు కాబట్టి బొమ్మలే ఎక్కువ. ముందు కుడి తలుపు ఒక్కటే జానెడు తీసి లోపలికి చూడు. బెల్టులు కోసేముందు స్లాబులకు ఆసరా పెట్టు. ఒక పక్క నుంచే కాకుండా అటొకటి ఇటొకటి బండిల్ తియ్యి. సందులో నిలబడకు. కింద నా ఫోన్ నంబరు. ఆ కాగితం ఫొటో కూడా తీశాకే సీలు వేసి, నంబరు రాసుకుని, డ్రైవర్‌కు చేయి ఊపుతాను.